గోడ మీద ఎర్ర బొట్టు



ముందు ఒక చిన్న ప్రశ్న. మీరు బండి మీద పోతుంటే ఎప్పుడైనా ఒక ఆర్ట్ గ్యాలరీ కనిపించిందా? అద్దాల తలుపు, లోపల తెల్ల గోడలు, తెల్ల లైట్లు, బయట రెండు పెద్ద కార్లు. చూసి, "ఇది మన లాంటోళ్లకి కాదులే" అనుకుని యాక్సిలరేటర్ తిప్పేశారా?

నేను కూడా అంతే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న షాపులకు బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నేను హైదరాబాద్ వచ్చింది డిగ్రీ కోసం. ఒక రోజు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్ట్ చూశా. "ఎగ్జిబిషన్ ఓపెనింగ్, సాయంత్రం ఆరున్నరకు, అందరూ ఆహ్వానితులే." సరే అని పోయా. పోయి ఏం చేశానో తెలుసా? గేటు బయట ఇరవై నిమిషాలు నిలబడ్డా. ఫోన్ చూస్తున్నట్టు యాక్టింగ్. లోపలికి పోయేవాళ్లందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. నా కాళ్లకేమో మామూలు చెప్పులు.

చివరికి వాచ్‌మన్ తాత అన్నాడు, "పో బిడ్డా లోపలికి, టికెట్ లేదు, సమోసాలు కూడా ఉన్నయ్."

ఆ ఒక్క మాటతో లోపలికి పోయా. తర్వాత రెండేళ్లకు అలాంటిదే ఒక చిన్న గ్యాలరీలో ఉద్యోగంలో చేరా. గ్యాలరీ పేరు చెప్పను. ఎందుకు చెప్పట్లేదో చివరికి మీకే అర్థమవుతుంది. రెండు హాళ్లు, ఒక స్టోర్ రూమ్, సార్, నేను, ఒక ఎలక్ట్రీషియన్ అన్న. అంతే మా గ్యాలరీ.

ఈ రోజు ఆ ఓపెనింగ్ రాత్రుల గురించి చెప్తా. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తా.

మీకు కనిపించేది రెండు గంటల ప్రోగ్రామ్. దాని వెనక మాకు వారం రోజుల పని. ముందు గోడలకు పాత మేకుల రంధ్రాలు పూడ్చి మళ్లీ తెల్ల రంగు వేయాలి. తర్వాత బొమ్మలు తగిలించాలి. ఇష్టమొచ్చిన ఎత్తులో తగిలించరు. బొమ్మ మధ్య భాగం నేల నుంచి దాదాపు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేట్టు చూస్తారు. సగటు మనిషి కంటి ఎత్తు అన్నమాట. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే రసమట్టం ఉంటుంది కదా, అది పెట్టి ఫ్రేమ్ వంకర ఉందా లేదా చూస్తాం. లైట్ అద్దం మీద పడి మెరవకుండా నిచ్చెన ఎక్కి తిప్పుతాం. పక్కన చిన్న లేబుల్ అంటిస్తాం. బొమ్మ పేరు, దేంతో వేశారు, సైజు, సంవత్సరం. ధర మాత్రం చాలా చోట్ల గోడ మీద ఉండదు, టేబుల్ మీద లిస్టులో ఉంటుంది. అడిగితే ఇస్తారు. అడగటానికి భయపడొద్దు, ధర అడిగితే కొనాలని రూలేం లేదు.

ఇక ఆ సాయంత్రం. జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి దీపం వెలగదు, కాబట్టి వత్తి చివర కర్పూరం పెట్టి ఉంచుతాం. ముఖ్య అతిథి నాలుగు మాటలు. చాయ్, సమోసా, ఉస్మానియా బిస్కెట్. ఆ తర్వాత ఒక విచిత్రం జరుగుతుంది. మీరు ఎప్పుడైనా పోతే గమనించండి. హాలు నిండా జనం, కానీ ఎక్కువ మంది వీపులు బొమ్మల వైపు ఉంటాయి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటారు. బొమ్మలేమో వాళ్ల వీపులు చూస్తుంటాయి.

ఇది మన దగ్గరే కాదు, కొత్త రోగం కూడా కాదు. పారిస్‌లో 1958 ఏప్రిల్ 28న ఈవ్ క్లైన్ అనే ఆర్టిస్టు, ఈరిస్ క్లేర్ అనే ఆవిడ నడిపే ఒక చిన్న గ్యాలరీలో ఓపెనింగ్ పెట్టాడు. లోపల ఏముందో తెలుసా? ఏమీ లేదు. గదంతా ఖాళీ చేసి గోడలకు తెల్ల రంగు వేశాడు. వచ్చినవాళ్లకు తాగడానికి నీలం రంగు డ్రింక్ ఇచ్చాడు. ఆ ఖాళీ గదిలోకి పోవడానికి జనం వేలల్లో వచ్చి వీధిలో నిలబడ్డారు. ఆయన అందులో పెద్ద ఆలోచనే పెట్టుకున్నాడు, నేను కాదనను. కానీ నాకు మాత్రం అది చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. గోడ మీద ఏం లేకపోయినా ఓపెనింగ్‌కి జనం వస్తారు!

మరి ఈ ఓపెనింగ్ అనేది ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్రెంచ్‌లో దీన్ని వెర్నిసాజ్ అంటారు. అంటే వార్నిష్ పూయడం. ఎగ్జిబిషన్ తెరిచే ముందు ఆర్టిస్టులు వచ్చి, గోడకు తగిలించిన తమ బొమ్మలకు చివరి మెరుగులు దిద్ది వార్నిష్ కొట్టుకునేవాళ్లు. లండన్ రాయల్ అకాడమీలో కూడా అలాంటి రోజులుండేవి. 1832లో అక్కడ ఒక ముచ్చట జరిగింది. టర్నర్ వేసిన బూడిద రంగు సముద్రం పక్కనే కానిస్టేబుల్ వేసిన వాటర్లూ బ్రిడ్జి పెయింటింగ్ పెట్టారు. కానిస్టేబుల్ అంటే పోలీసు కాదు, ఆయన ఇంటి పేరే అది. ఆయన బొమ్మలో ఎరుపు ధగధగలాడిపోతోంది. టర్నర్ చూశాడు, చూశాడు, తన బూడిద సముద్రం మధ్యలో ఒక ఎర్ర చుక్క పెట్టి వెళ్లిపోయాడు. అంతే, అందరి కళ్లూ ఆ చుక్క మీదే. తర్వాత వచ్చి ఆ చుక్కను నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు.

ఒక్క ఎర్ర చుక్క. అది పడితే పక్కనున్న బొమ్మ వెలవెలబోతుంది. నా కథ కూడా ఎర్ర చుక్కదే.

గ్యాలరీల్లో లేబుల్ పక్కన చిన్న ఎర్ర స్టిక్కర్ కనిపిస్తే, ఆ బొమ్మ అమ్ముడుపోయిందని అర్థం. ప్రపంచమంతా దాదాపు ఇదే పద్ధతి. ఓపెనింగ్ రోజు ఆర్టిస్టు అందరితో నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటాడు, కానీ కళ్లు మాత్రం లేబుళ్ల మీదే. ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తుందా అని.

ఆ సారి మా దగ్గర షో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అన్నది. వాళ్ల నాన్న పవర్‌లూమ్ కార్మికుడు. ఈ అన్న పవర్‌లూమ్ బట్ట మీదే బొగ్గుతో బొమ్మలు గీస్తాడు. మగ్గాలు, చేతులు, రాత్రి షిఫ్టులో నిద్ర కళ్లు. మొత్తం పన్నెండు బొమ్మలు. ఒక్కోటి 15,000 రూపాయలు. అమ్ముడైతే మా గ్యాలరీకి 40 శాతం, అంటే అన్నకు 9,000 వస్తాయి. ఫ్రేముల ఖర్చు మాత్రం ఆయనదే. ఒక్కో ఫ్రేమ్ 1,800, పన్నెండింటికి 21,600. అందులో 6,600 అడ్వాన్స్ ఇచ్చాడు, ఇంకా 15,000 బాకీ.

ఓపెనింగ్‌కి గంట ముందు సార్ నన్ను పిలిచి స్టిక్కర్ల షీటు చేతిలో పెట్టాడు. "ఒక మూడు బొమ్మలకు పెట్టు" అన్నాడు.

"అమ్ముడుపోయాయా సార్?" అన్నా సంతోషంగా.

"పోతాయి. ముందు బోణీ కనిపించాలి."

నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా పెట్టా. ఎందుకు పెట్టావు అంటే, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. అంతకన్నా పెద్ద కారణమేం లేదు.

ఏడు గంటలకు అన్న వాళ్ల అమ్మ వచ్చింది. సిరిసిల్ల నుంచి బస్సులో. ఆవిడ ఒక్కతే ఆ హాల్లో ప్రతి బొమ్మ ముందూ ఆగి చూసింది. చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో ప్రదక్షిణ చేసినట్టు. వాళ్ల ఆయన మగ్గం మీద వంగి తెగిన పోగు అతికిస్తున్న బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. కొడుకును పిలిచి అంది, "మీ నాయన గింత పైకి నిలవడడు రా. పోగు తెగితే ఇంకా కిందికి వంగుతడు. ముక్కు పోయి పోగులకు తాకుతది."

అన్న నవ్వాడు. ఆ రాత్రి ముఖ్య అతిథితో సహా ఎవ్వరూ ఆ బొమ్మ గురించి అంత కరెక్టుగా మాట్లాడలేదు.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగి అడిగింది, "బిడ్డా, దీనికి బొట్టెందుకు వెట్టిండ్రు?"

బొట్టు. తోట వైకుంఠం గారు వేసే ఆడవాళ్ల నుదుటి మీద పెద్ద బొట్టు ఉంటుంది చూడండి, మన ఊళ్లలో అమ్మమ్మల బొట్టు, ఆవిడకు ఎర్ర చుక్క అంటే అదే. శుభం.

నేనన్నా, "అమ్ముడుపోయిందమ్మా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడే ఇంటికి ఫోన్ చేయించింది. "మూడు అమ్ముడువోయినయట." నేను పక్కకు పోయి చాయ్ కప్పులు ఏరడం మొదలుపెట్టా. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం హాలు ఖాళీ. ఒక అమ్మాయి వచ్చింది, మెడలో ఆఫీస్ ఐడీ కార్డు. అదే బొమ్మ ముందు, తెగిన పోగు బొమ్మ ముందు, అరగంట నిలబడింది. నా దగ్గరికి వచ్చి, "ఇది అయిపోయిందా అండీ? రెండు వాయిదాల్లో ఇవ్వొచ్చేమో అడుగుదామని వచ్చా. మా తాత కూడా నేసేవాడు" అంది.

ఫ్రెండ్స్, ఆ క్షణంలో నేను ఒక్క మాట చెప్తే చాలు. "ఆగండి, ఇది ఉంది" అని. కానీ అలా చెప్తే ఆ అమ్మాయి "మరి ఈ స్టిక్కర్ ఏంటి?" అంటుంది. నేనేం చెప్పాలి? అబద్ధానికి ఒక ఇబ్బంది ఉంది. మొదటిది మనం చెప్తాం, రెండోది అదే మనతో చెప్పిస్తుంది. "అవునండీ, అయిపోయింది" అన్నా. "అయ్యో" అంది. మిగతావి ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. విజిటర్స్ బుక్‌లో సంతకం ఉంది, నంబర్ లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో రెండు రోజులు గడిచాక, ఆరో రోజు అన్నకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత చెప్పాడు. మూడు చుక్కలు చూసి, మూడు తొమ్మిదులు 27,000 అని లెక్క వేసుకుని, ఓపెనింగ్ మర్నాడు పొద్దున్నే ఫ్రేమ్ షాపు బాకీ 15,000 కట్టేశాడట. రూమ్ అద్దెకు దాచుకున్న డబ్బులతో. "ఆ రాత్రే చెప్తే అయిపోయేది కదా చెల్లె" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ల అమ్మకు ఏం చెప్పాడో నేను అడగలేదు.

పది రోజుల షో అయ్యేసరికి నిజంగా అమ్ముడైంది ఒక్కటి. అది కూడా స్టిక్కర్ లేని బొమ్మ.

సార్ దగ్గరికి పోయా. "ఇకపై నేను పెట్టను సార్" అన్నా. ఉద్యోగం పోతుందనే అనుకున్నా. ఆయన విలన్ కాదు, అది కూడా చెప్పాలి. బిల్డింగ్ అద్దె, కరెంటు, నా జీతం, అన్నీ ఆయన జేబులోంచే. షో తర్వాత షో నష్టంలో నడిచిన రోజులు నేను చూశా. ఆయన అన్నాడు, "గుళ్లో పూజారి హారతి పళ్లెంలో ముందే ఒక నోటు వేసి ఉంచుతాడు. అది మోసమా? చూసి వేరేవాళ్లు వేస్తారు, అంతే."

నేనన్నా, "ఆ నోటు చూసి పూజారి అప్పు తీర్చడు కదా సార్. ఇక్కడ ఆర్టిస్టు కూడా నమ్మాడు."

ఆయన చాలాసేపు టేబుల్ మీద వేళ్లతో కొట్టాడు. తర్వాత స్టిక్కర్ల షీటు నా ముందుకు తోసి, "నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఇప్పటికీ నా డ్రాయర్లోనే ఉంది. డబ్బు వచ్చి, బిల్లు రాశాకే చుక్క పడుతుంది. అద్దె కోసం దాచిన డబ్బుల్లో కొంత సార్ ఆ అన్నకు సర్దాడు, అది తర్వాత తెలిసింది. కానీ ఆ ఐడీ కార్డు అమ్మాయి మళ్లీ రాలేదు. దాన్ని నేనేం సర్దలేను.

ఇదంతా మీకెందుకు చెప్తున్నా? మన ఫోన్లలో ఇవే ఎర్ర చుక్కలు రోజూ చూస్తున్నాం. కొనుక్కున్న లైకులు, కొనుక్కున్న ఫాలోవర్లు, "సూపర్ అన్నా" కామెంట్లు. చూసేవాళ్లను బుట్టలో వేయడానికే కదా అనుకుంటాం. కానీ ముందు మోసపోయేది ఎవరు? ఆ పని చేసినవాడే. తన పని ఎక్కడ నిలబడిందో వాడికి తెలియకుండా పోతుంది. ఆ రాత్రి మూడు దొంగ చుక్కలు అన్నకు అప్పుల లెక్క తప్పించాయి. వాళ్ల అమ్మ చెప్పిన ఒక్క నిజమైన మాట ఆయనకు ఇంకో బొమ్మ ఇచ్చింది. ఆ సంగతికి వస్తా.

అంతకంటే ముందు, మీరు ఓపెనింగ్‌కి పోతే ఏం చేయాలో చెప్తా. హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి ఉన్నాయి. నేను పనిచేసేది వీటిలో ఏదీ కాదు, నిశ్చింతగా వెళ్లండి. మామూలుగా గ్యాలరీలకు టికెట్ ఉండదు. ఏ చెప్పులైనా పర్లేదు.

లోపలికి పోగానే అన్నీ చూసేయాలని పరుగెత్తొద్దు. ఒక రౌండ్ వేసి, మిమ్మల్ని ఆపిన ఒక్క బొమ్మ దగ్గరికి వెనక్కి రండి. ఐదు నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, ఫ్లాష్ వద్దు. తర్వాత ఆర్టిస్టు కనిపిస్తే, "చాలా బాగుంది" అని మాత్రం వదిలేయకండి. మీరు చూసింది ఒక్కటి చెప్పండి. "ఆ చేయి ఎందుకు అంత పెద్దగా వేశారు?" అని అడిగినా చాలు. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి. వాళ్లు ఆ మాట కోసం నెలల తరబడి ఒక్కరే గదిలో కూర్చుని ఉంటారు. సెల్ఫీ తీసుకోండి, తప్పు లేదు, కానీ పోస్ట్ చేసేటప్పుడు ఆర్టిస్టు పేరు రాయండి. కొనే ఉద్దేశం ఉంటే వాయిదాల గురించి మొహమాటం లేకుండా అడగండి, బిల్లు తీసుకోండి. ఎర్ర చుక్క ఉన్నా సరే, "నా నంబర్ రాసుకోండి, కుదిరితే చెప్పండి" అనండి. ఆ అమ్మాయి ఆ ఒక్క మాట అని ఉంటే, నేను ఆరో రోజైనా ఫోన్ చేసేదాన్ని.

వీలైతే ఓపెనింగ్ అయ్యాక మామూలు రోజు మధ్యాహ్నం ఇంకోసారి పోండి. అప్పుడు వీపులుండవు. మీరు, బొమ్మ, ఒక ఫ్యాన్ చప్పుడు.

చివరిగా. ఏడాది పాటు ఆ అన్న నాతో మాట్లాడలేదు. పోయిన నెల వేరే చోట నలుగురు ఆర్టిస్టులు కలిసి పెట్టిన షో ఓపెనింగ్‌కి పోయా, మామూలు విజిటర్‌గా. గేటు దగ్గర మళ్లీ పది నిమిషాలు నిలబడ్డా, ఈసారి చెప్పుల గురించి కాదు. లోపల ఆయన కొత్త బొమ్మ ఉంది. అదే మగ్గం, అదే తెగిన పోగు, అదే నాన్న. కానీ ఈసారి ఇంకా కిందికి వంగి ఉన్నాడు. ముక్కు పోగులకు తాకుతోంది.

పక్కన ఎర్ర చుక్క లేదు.

అన్న నన్ను చూశాడు. ఏం మాట్లాడాలో తెలియక బొమ్మ వైపు చూపించి, "ఇప్పుడు కరెక్టుగా వంగిండు అన్నా" అన్నా.

ఆయన కాసేపు ఆగి, "అమ్మ కూడా గదే అన్నది" అన్నాడు. తర్వాత, "చాయ్ తాగినవా?" అని అడిగాడు.

తాగలేదన్నా. ఇద్దరం చాయ్ తీసుకుని ఆ బొమ్మకు ఎదురుగా నిలబడ్డాం. వీపు తిప్పకుండా.

ఈ శనివారం మీకు దగ్గర్లో ఎక్కడైనా ఓపెనింగ్ ఉందేమో చూడండి. గేటు దగ్గర ఆగిపోతే మా వాచ్‌మన్ తాత మాట గుర్తు తెచ్చుకోండి. టికెట్ లేదు, సమోసాలు కూడా ఉన్నయ్.